విశ్వాసంతో పోరా? అపనమ్మకంతో పోరా?

పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఊళ్లలో ఒకప్పుడు ఇళ్ల గోడల మీద రెండు రకాల గుర్తులు కనిపించేవి. పోలియో చుక్కలు వేసే బృందం ఇంటింటికీ తిరిగేది. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు పక్కన సుద్దముక్కతో ఇంగ్లీషు 'పి' అక్షరం రాసేవారు. ఒక్క బిడ్డ మిగిలిపోయినా 'ఎక్స్' అని రాసేవారు. బిడ్డ మేనమామ ఊరికి వెళ్లినా 'ఎక్స్', జ్వరంతో పడుకున్నా 'ఎక్స్', చుక్కలు వద్దని తల్లి అన్నా, అత్తగారు తలుపు వేసేసినా అదే గుర్తు. మొరాదాబాద్, మీరట్, అలీగఢ్ పరిసరాల్లో ముస్లింలు ఒత్తుగా నివసించే సందుల్లో ఈ రెండో గుర్తు మరీ ఎక్కువగా ఉండేది.

ఆ తలుపు ముందు నిలబడ్డ ఆరోగ్య కార్యకర్త ఏం చేయాలి? "మీ మూఢత్వం వల్ల బిడ్డ కుంటివాడవుతాడు" అని గద్దించాలా? "మీ నమ్మకం మీది, మా పని మాది" అని మర్యాదగా వెనుదిరగాలా? విజ్ఞానశాస్త్రం పక్షాన మాట్లాడేవారు మత విశ్వాసాన్ని ఢీకొనాలా, దానితో కలిసి నడవాలా అన్న చర్చ పుస్తకాల్లో చాలాకాలంగా సాగుతోంది. ఈ తలుపు ముందు మాత్రం అది ఒక పసిబిడ్డ కాళ్లకు సంబంధించిన ప్రశ్న. కనుక ఈ వారం దాన్ని ఇక్కడినుంచే పరిశీలిద్దాం.

రెండు వాదాలు

ఢీకొనాలనే వారిలో పేరున్నవారు బ్రిటన్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్. దైవభావన ఒక భ్రాంతి అని వాదిస్తూ 2006లో ఆయన రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. సత్యం సత్యమే, దాన్ని చెప్పడానికి మొహమాటం ఎందుకు అన్నది ఈ పక్షం వాదన. రెండో పక్షంలో అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ ఉన్నారు. ప్రకృతి ఎలా పనిచేస్తుందో చెప్పడం విజ్ఞానం వంతు, జీవితానికి అర్థమేమిటో, మంచిచెడ్డలేమిటో చెప్పడం మతం వంతు, ఎవరి పొలిమేరలో వారుంటే తగాదా లేదని ఆయన 1997లో రాశారు.

మన తెలుగు నేల మీద కూడా ఈ చర్చకు చరిత్ర ఉంది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారు దేవుడు లేడని బాహాటంగా చెప్పినవారు. గాంధీజీ పరమ ఆస్తికుడు. 1944లో ఇద్దరూ సేవాగ్రామ్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకరినొకరు మార్చుకోలేదు. అయినా అంటరానితనం పోవాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. గోరా గారు తన కుమార్తెను దళిత యువకునికి ఇచ్చి పెళ్లి చేయదలిస్తే, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన హత్యకు గురయ్యారు. అయినా ఆ మార్చిలో పెళ్లి అక్కడే జరిగింది. సిద్ధాంతంలో ఎదురెదురుగా నిలిచినవారు కూడా పనిలో పక్కపక్కన నిలబడగలరని ఈ ఉదంతం చెబుతుంది. అయితే పని చేయవలసిన చోట తలుపే మూసి ఉంటే? అప్పుడు మళ్లీ ఉత్తరప్రదేశ్ సందులోకే రావాలి.

2002లో ఏం జరిగింది?

మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం దేశమంతటా 1995 డిసెంబరులో మొదలైంది. ఆదివారం పూట బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో బల్ల వేసుకుని కూర్చున్న నర్సమ్మ, ఎడమచేతి చిటికెన వేలికి సిరాచుక్క - ఇవి మన ఇళ్లలో అందరికీ గుర్తే. ఫలితం త్వరగానే కనిపించింది. 2001లో దేశం మొత్తం మీద 268 పోలియో కేసులే వచ్చాయి. ఇక వ్యాధి పోయినట్టే అనుకున్నారు.

2002లో ఆ సంఖ్య ఒక్కసారిగా 1600కు పెరిగింది. అందులో 1242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనివే. వ్యాధి పడ్డ పిల్లల్లో ముస్లిం పిల్లల వంతు ఆ రాష్ట్ర జనాభాలో ముస్లింల వంతుకన్నా ఎంతో ఎక్కువ. ఇది దాచిపెట్టవలసిన విషయం కాదు. ఆ కాళ్లు మన బిడ్డల కాళ్లు.

ఎందుకిలా అయింది? సందుల్లో ఒక పుకారు తిరిగింది. ఈ చుక్కలు వేసుకున్న మగపిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదని, ముస్లింల సంఖ్య తగ్గించడానికి పన్నిన కుట్ర ఇదని దాని సారాంశం. చుక్కల మందులో హరామ్ పదార్థం ఉందని మరికొందరన్నారు. ఇవేవీ నిజం కావు. అదే మందును మక్కా, మదీనాలున్న సౌదీ అరేబియాలోనూ, ఈజిప్టులోనూ, ఇండోనేషియాలోనూ కోట్లాది ముస్లిం పిల్లలకు వేశారు. అయినా పుకారు నిలిచింది.

పుకారుకు వేళ్లు ఎక్కడున్నాయి?

పత్రికల్లో చాలామంది "మత ఛాందసం" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ మాట మన మనసును గాయపరిచిన సంగతి అటుంచి, అది నిజమేనా అని చూద్దాం.

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించారు. కుటుంబ నియంత్రణ పేరిట 1976-77లో, ఆ ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఎక్కువ భాగం మగవాళ్లకే. ఉపాధ్యాయులకు, గుమాస్తాలకు "ఇంతమందిని తీసుకురావాలి" అని లెక్క కట్టి అప్పగించారు. ఆపరేషన్ కాగితం చూపిస్తేనే రేషన్ కార్డు అన్న చోట్లున్నాయి. 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర, ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్‌లో నిరసన తెలిపిన జనంపై పోలీసు కాల్పులు జరిగాయి. 'నస్‌బందీ' అన్న ఉర్దూ మాట ఆ ప్రాంతపు ముసలివాళ్ల గుండెల్లో భయంగా మిగిలిపోయింది.

పాతికేళ్లు గడిచాయి. ఆ సందుకు ఆసుపత్రి రాలేదు. మురుగు కాలువ రాలేదు. కుళాయి రాలేదు. బిడ్డకు విరేచనాలయితే చూసే నాథుడు లేడు. కానీ ఎన్నడూ గడప తొక్కని ప్రభుత్వం ఏడాదిలో ఎన్నోసార్లు ఇంటికే వచ్చి, డబ్బులడగకుండా, "ఈ ఒక్క మందు తాగించండి" అంటోంది. వద్దంటే పోలీసులను వెంటబెట్టుకు వస్తోంది. అనుమానం రావడానికి మదర్సాలో చదివి ఉండాలా? ఏ మతంలోని దాదీ అయినా, నాయనమ్మ అయినా, "అన్నిటికీ లేనిది దీనికొక్కదానికే ఇంత తొందరేమిటి?" అని అడగదా?

మూసుకున్న తలుపు వెనుక ఉన్నది ముఖ్యంగా అపనమ్మకం. దానికి మాట్లాడే భాష కావాలి, మతం భాష దొరికింది. ఈ తేడా గుర్తించడమే ఈ మొత్తం కథలో కీలకమని మేము భావిస్తున్నాం.

ఓడిపోయిన రెండు దారులు

మొదటి దారి, ఢీకొనడం. కొన్నిచోట్ల అధికారులు రేషన్ కార్డు తీసేస్తామన్నారు. కేసు పెడతామన్నారు. చదువుకున్నవారు "అజ్ఞానులు" అన్నారు. ఫలితం? పుకారు చెప్పినవాడికి సాక్ష్యం దొరికినట్టయింది. "చూశారా, మన మేలు కోరేవారైతే ఇలా బలవంతం చేస్తారా?" అన్నాడు. పిల్లల్ని అటక మీద, పక్కింట్లో దాచారు. కొందరు తామే పిల్లల వేలికి రంగు పూసి చూపించారు.

రెండో దారి, తప్పుకోవడం. "సున్నితమైన విషయం, మనకెందుకు?" అని కొందరు అధికారులు ఆ సందుల్ని వదిలేశారు. గోడ మీద 'ఎక్స్' రాసి ముందుకు సాగారు. పైకి ఇది మర్యాదలా కనిపిస్తుంది. నిజానికి ఇంతకన్నా అన్యాయం లేదు. మీ నమ్మకాన్ని గౌరవిస్తున్నామంటూ మీ బిడ్డను వ్యాధికి వదిలేయడం గౌరవం కాదు. మనల్ని బోధించదగిన మనుషులుగా కూడా లెక్కచేయకపోవడమే అది. కలిసి నడవడం అంటే ఇది కాదు.

తలుపు ఎవరు తెరిచారు?

2002 దెబ్బ తర్వాత ఆలోచన మారింది. యునిసెఫ్, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఆ సందుల్లోంచే కార్యకర్తలను ఎంచుకోవడం మొదలుపెట్టాయి. వారిలో చాలామంది స్త్రీలు. మగవాళ్లు పనికి వెళ్లిన మధ్యాహ్నం వేళ తలుపు తట్టే పరాయి మగవాడికీ, బురఖా వేసుకుని "ఏం అక్కా, బాగున్నారా?" అంటూ లోపలికి వచ్చే పక్కవీధి ఆడపిల్లకూ ఎంత తేడా ఉంటుందో ఊహించుకోండి. ఇటువంటివారు క్రమంగా వేల సంఖ్యలో తయారయ్యారు. ఏ ఇంట్లో ఎవరు గర్భవతి, ఏ బిడ్డకు ఎన్నిసార్లు చుక్కలు పడ్డాయి, ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది - అన్నీ పుస్తకంలో రాసుకునేవారు.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్‌దర్ద్ ఈ పనిలో చేతులు కలిపాయి. ఆ సంస్థల అధ్యాపకులు, విద్యార్థులు ఇళ్లకు వెళ్లారు. ఉలమాల దగ్గరకు వెళ్లి మందు ఏమిటో, వ్యాధి ఏమిటో వివరించారు. అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. నమ్మకం కుదిరిన ఉలమాలు సంతకాలతో విజ్ఞప్తులు రాసిచ్చారు. జుమా ఖుత్బాలో ఈ మాట వినిపించింది. చుక్కల రోజున మస్జిద్ మైకులో ప్రకటన వచ్చింది. ఇమామ్‌లు తమ బిడ్డలకు, మనవలకు అందరి ఎదుటా చుక్కలు వేయించారు. ఇదంతా చేయడానికి వారు తమ విశ్వాసంలో ఆవగింజంత కూడా వదులుకోవలసిన అవసరం రాలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పుకారు విషయంలో ఆ ఇమామ్‌లు ఏమీ రాజీపడలేదు. "మీ అభిప్రాయం మీది" అనలేదు. "ఇది అబద్ధం, దీన్ని వ్యాపింపజేయకండి" అని గట్టిగానే చెప్పారు. అంటే ఢీకొన్నారు. దేన్ని? అబద్ధాన్ని. ఎవరిని గౌరవించారు? ఆ అబద్ధాన్ని నమ్మి భయపడిన తల్లిని. ఆ రెంటినీ వేరు చేసి చూడగలిగినవారే తలుపు తెరిపించగలిగారు.

విజ్ఞానం కూడా వినవలసి వచ్చింది

కథ ఇక్కడితో అయిపోతే మనకు సంతోషంగా ఉండేది. కానీ పూర్తి నిజం చెప్పాలి. వద్దనే ఇళ్లు బాగా తగ్గాక కూడా పోలియో పోలేదు. 2006లో దేశంలో 676 కేసులు, 2009లో 741 కేసులు. అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోనే. ఏడెనిమిది సార్లు చుక్కలు వేసుకున్న పిల్లలకు కూడా వ్యాధి వచ్చింది. "మీరు చెప్పినట్టే చేశాం, అయినా నా బిడ్డ కాలు పోయింది" అన్న తల్లికి ఏం జవాబు చెబుతాం? ఆమె మాటను మూఢత్వమని కొట్టిపారేయవచ్చా?

శాస్త్రవేత్తలు కొట్టిపారేయలేదు. పరిశోధించారు. 2006లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ముఖ్యమైన ఒకటో రకం వైరస్‌పై ఆనాటి మందు ఒక్కో మోతాదు ఉత్తరప్రదేశ్ పిల్లల్లో 9 శాతం మేరకే పనిచేసింది. ఆ రాష్ట్రం, బీహారు కాక మిగతా దేశంలో అది 21 శాతం. కిక్కిరిసిన ఇళ్లు, మురుగు, ఎడతెగని విరేచనాలు - వీటి మధ్య బిడ్డ పేగుల్లో మందు నిలదొక్కుకోలేకపోతోంది. అంటే ఆ తల్లి అనుమానంలో ఒక నిజం ఉంది. కుట్ర అన్నది అబద్ధం. మందు తన బిడ్డ మీద సరిగా పనిచేయడం లేదన్నది నిజం.

దాంతో మందే మారింది. ఒక్కో రకం వైరస్‌కు విడివిడిగా పనిచేసే చుక్కలు 2005లో, రెండు రకాలకు కలిపి పనిచేసే చుక్కలు 2010లో వచ్చాయి. వ్యాధి పదే పదే తలెత్తే బ్లాకులు ఉత్తరప్రదేశ్‌లో 66, బీహారులో 41, మొత్తం 107 గుర్తించి, అక్కడ చుక్కలతో పాటు విరేచనాలకు జింక్ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, తల్లిపాల గురించి, చేతులు కడుక్కోవడం గురించి బోధన మొదలుపెట్టారు. "ఈ ఒక్క మందే ఎందుకు?" అన్న దాదీ ప్రశ్నకు ఎట్టకేలకు జవాబు దొరకసాగింది.

2010 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లో చివరి కేసు నమోదైంది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో ఏడాదిన్నర పాపకు వచ్చినది దేశంలోనే చివరిది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. మంచి మందు లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదు. తెరిచిన తలుపు లేకుండా కూడా సాధ్యమయ్యేది కాదు.

నమ్మకం చెడితే

నమ్మకం చెడితే ఏమవుతుందో చూడడానికి ఉత్తర నైజీరియా దాకా వెళ్లాలి. 1996లో అక్కడి కానో నగరంలో మెదడువాపు జ్వరం ప్రబలినప్పుడు ఒక విదేశీ మందుల కంపెనీ పిల్లల మీద కొత్త మందు ప్రయోగించింది. తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదన్న వివాదం కోర్టులకెక్కింది. ఆ చేదు మనసులో ఉండగానే పోలియో చుక్కల మీద సంతానలేమి పుకారు వచ్చింది. 2003లో కానో రాష్ట్రం చుక్కలు ఆపేసింది. దాదాపు ఏడాది పాటు ఆపింది. చివరకు ముస్లిం దేశమైన ఇండోనేషియాలో తయారైన మందు తెప్పించి తిరిగి మొదలుపెట్టారు. ఈలోగా వైరస్ నైజీరియా సరిహద్దులు దాటి దాదాపు 20 దేశాలకు పాకింది. విచారకరమైన విషయమేమంటే, 2005లో ఆ ఇండోనేషియాలోనే పోలియో మళ్లీ తలెత్తి 300 మంది పిల్లలు దాని బారినపడ్డారు. అక్కడ దొరికిన వైరస్ మూలం నైజీరియాదేనని తేలింది. ఆఫ్రికా ఖండం ఈ సహజ వైరస్ నుంచి విముక్తమైందని ప్రకటించడానికి 2020 ఆగస్టు దాకా పట్టింది.

నమ్మకాన్ని చెడగొట్టేది పుకార్ల రాయుళ్లు మాత్రమే కాదు. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ టీకా కార్యక్రమం ముసుగులో సమాచారం సేకరించే ప్రయత్నం చేసింది. అది బయటపడ్డాక చుక్కలు వేసేవారందరినీ గూఢచారులుగా చూడడం మొదలైంది. 2012 డిసెంబరు నుంచి అక్కడ ఎందరో పోలియో కార్యకర్తలు తుపాకులకు బలయ్యారు. వారిలో ముస్లిం స్త్రీలున్నారు. ఆ హత్యలను ఏ న్యాయమూ సమర్థించదు. నిరపరాధిని చంపినవాడికి ఇస్లాంలో ఆశ్రయం లేదు. అలాగే వైద్యాన్ని గూఢచర్యానికి ముసుగు చేసిన పాపం కూడా చిన్నది కాదు. నేటికీ సహజ పోలియో వైరస్ మిగిలిన దేశాలు రెండే: పాకిస్తాన్, అఫ్గానిస్తాన్.

మన సంప్రదాయం ఏమంటోంది?

విశ్వాసికి ఈ విషయంలో దారి చూపే ఉదంతాలు మనకు కొత్తగా వెతకనక్కరలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి ముద్దుల కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడే దుఃఖించాడని జనం చెప్పుకోసాగారు. తన గౌరవం పెరిగే మాటే కదా అని ఆయన మౌనంగా ఊరుకోలేదు. సూర్యచంద్రులు దేవుని సూచనలని, ఒకరి చావుపుట్టుకల కోసం వాటికి గ్రహణం పట్టదని, గ్రహణం చూసినప్పుడు నమాజు చేసుకోవాలని బోధించారు. అబద్ధాన్ని సరిదిద్దారు, ఆరాధననూ నిలిపారు. ఒకే ప్రసంగంలో రెండూ.

మదీనాలో ఖర్జూర చెట్లకు పరాగ సంపర్కం చేసే రైతులను చూసి, అది అవసరమా అన్న భావం ఆయన వ్యక్తపరిచారు. రైతులు మానేశారు. కాపు తగ్గింది. అప్పుడాయన అది తన సొంత ఊహ మాత్రమేనని, ప్రాపంచిక పనుల సంగతి వారికే బాగా తెలుసునని చెప్పినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. తోట పని తెలిసినవాడికి తోట విషయంలో ఇచ్చిన ఈ స్థానం వైద్యం తెలిసినవారికి వైద్యం విషయంలో ఇవ్వడానికి మనకు అభ్యంతరం ఏముంటుంది?

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి, దారిలో అక్కడ ప్లేగు ప్రబలిందని విని వెనుదిరిగారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని సేనాని అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, దైవ నిర్ణయం నుంచి దైవ నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. వ్యాధి ఆయన నిర్ణయమైతే, జాగ్రత్త కూడా ఆయన నిర్ణయమేనన్నమాట.

ఇమామ్ గజాలీ (రహ్మ) తత్వవేత్తలను గట్టిగా ఖండించినవారు. అటువంటివారే ఆ ఖండన గ్రంథం ముందుమాటలో, గ్రహణాలకు ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చెప్పే కారణాలను కాదనడం ధర్మరక్షణ అనుకునేవారు ధర్మానికి అపకారమే చేస్తున్నారని హెచ్చరించారు. లెక్క రుజువైనది, దాన్ని ధర్మానికి విరుద్ధమంటే వినేవాడు లెక్కను శంకించడు, ధర్మాన్నే శంకిస్తాడు. తొమ్మిది వందల ఏళ్లు దాటినా ఈ మాట పాతబడలేదు.

మన గడప దాకా వస్తే

ఇదంతా ఎక్కడో ఉత్తరాదిలో జరిగింది కదా అనుకోవద్దు. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి నమూనాలో రెండో రకం పోలియో వైరస్ బయటపడింది. అది సహజ వైరస్ కాదు. చుక్కల మందులో ఉండే బలహీనపరచిన వైరస్సే, అరుదుగా, టీకాలు సరిగా పడని పిల్లల మధ్య తిరిగి తిరిగి రూపు మార్చుకుంటుంది. అటువంటిది. ఆ ఏడాది జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ రూపంలో టీకా వేశారు. ఒక్క బిడ్డకూ వ్యాధి సోకకుండా అది సద్దుమణిగింది.

మందులోని లోపాన్ని ప్రభుత్వాలు, శాస్త్రవేత్తలు దాచలేదు. ఈ కారణంగానే రెండో రకం వైరస్ ఉన్న పాత చుక్కలను 2016 ఏప్రిల్‌లో దేశమంతటా మాన్పించారు. తన లోపాన్ని తానే చెప్పి సరిదిద్దుకునే గుణమే విజ్ఞానాన్ని నమ్మదగినదిగా చేస్తుంది. ఎక్కడ ఆ లోపాన్ని దాచిపెట్టి "ప్రశ్నించకండి" అంటారో అక్కడ పుకారు పుడుతుంది.

2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. అంతకుముందే ఆ కార్యక్రమం మొదలైన పొరుగు తమిళనాడులో వాట్సాప్ పుకార్లు తల్లిదండ్రులను కలవరపెట్టాయి. 2002లో పుకారు సందు దాటడానికి రోజులు పట్టేది. ఇప్పుడు ఒక్క వేలి తాకిడితో వెయ్యి ఇళ్లకు చేరుతోంది. అబద్ధాన్ని వినగానే ముందుకు పంపేవాడు దాన్ని పుట్టించినవాడి పాపంలో భాగస్వామి కాడా?

ఎవరి బాధ్యత ఏమిటి?

విజ్ఞానం పక్షాన మాట్లాడే మిత్రులకు మా మనవి ఇది. మీరు సత్యం చెప్పండి, మొహమాటపడకండి. గ్రహణానికి గర్భిణికి పుట్టబోయే బిడ్డకు సంబంధం లేదని చెప్పండి, తాయెత్తు పాము విషాన్ని విరచదని చెప్పండి, మేమూ మీతో గొంతు కలుపుతాం. కానీ తలుపు వెనుక ఉన్నవారిని మూఢులని పిలవకముందు ఆ సందులో మురుగు కాలువ ఉందో లేదో చూడండి. ఆ ఇంటివాళ్లకు గతంలో ఏం జరిగిందో అడగండి. ఆ తల్లి తన దైవాన్ని వదులుకుంటేనే ఆమె బిడ్డ ఆరోగ్యం బాగుపడుతుందన్న షరతు పెట్టకండి. అటువంటి షరతు పెడితే ఆమె ఎటు మొగ్గుతుందో మీకు తెలియనిది కాదు.

మన ఇమామ్‌లకు, పెద్దలకు మరింత బరువైన బాధ్యత ఉంది. మన పేరు మీద తిరిగే అబద్ధాన్ని బయటివాడు వచ్చి ఖండించేదాకా మనం ఆగకూడదు. అది మనవాడి నోట వచ్చింది కాబట్టి మనమే ముందుగా ఖండించాలి. తెలియని విషయం అడిగితే "డాక్టరును అడిగి వచ్చే జుమాకు చెబుతాను" అనడంలో చిన్నతనం లేదు. పెద్ద పెద్ద ఇమామ్‌లు తమకు తెలియనిదాన్ని తెలియదనే చెప్పారు.

ఇక ఇంట్లో తల్లిదండ్రులుగా మనం అడగవలసినవి అడగాలి. ఈ మందు ఏమిటి, ఎందుకు, ఏ వయసుకు, వేశాక జ్వరం వస్తే ఏం చేయాలి - ఇవన్నీ ఏఎన్ఎం అమ్మను, ఆశా కార్యకర్తను నిలబెట్టి అడిగే హక్కు మనకుంది. జవాబు విన్నాక బిడ్డను ముందుకు తీసుకువచ్చే బాధ్యత కూడా ఉంది. బిడ్డ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆ అమానతు గురించి రేపు లెక్క అడిగినప్పుడు "పుకారు విన్నాం" అన్న జవాబు చెల్లుతుందా?

పశ్చిమ ఉత్తరప్రదేశ్ గోడల మీది ఆ సుద్దగుర్తులు వానలకు ఎప్పుడో చెరిగిపోయి ఉంటాయి. 2002లో పడిపోయిన ఆ పిల్లలు మాత్రం ఇప్పుడు పాతికేళ్ల యువతీయువకులు. నమాజుకు నిలబడేటప్పుడు వారిలో ఎందరికో చేతికర్ర కావాలి. అటువంటి కర్ర మన ఇంట్లో మరో బిడ్డకు అవసరం రాకుండా చూసుకునే వివేకాన్ని, సత్యం ఎవరి నోట వచ్చినా స్వీకరించే విశాల హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! (ఆమీన్)